సీరియల్ రాయడం నేర్చుకుందాం – 4: ఆపిన చోటునుంచి మళ్లీ ఎత్తుకోవడం

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం గుర్తుందిగా: జూల్ వెర్న్ నవల ‘మిస్టీరియస్ ఐలాండ్’లోని సైరస్, అతని తోటివాళ్లు ఎక్కిన బెలూన్ సముద్రం మీద కూలిపోతోంది, అక్కడ భాగం ఆపి తర్వాతి భాగం ఎత్తుకోవాలి. ఆపడం దాదాపు అందరికీ వచ్చింది. ఎత్తుకోవడం దగ్గరే చాలామంది జారారు. అందుకని ఈసారి చెప్పాల్సిన పాత్రల పరిచయాన్ని వాయిదా వేస్తున్నాను. ‘జరిగిన కథ’ ఎలా రాయాలో కూడా చెప్పను, వారపత్రికలు చదివినవాళ్లకు అది తెలిసిందే.

మీలో ఎక్కువమంది రాసింది ఇలా ఉంది. భాగం చివర సైరస్ బుట్టలోనే ఉన్నాడు, బుట్ట బండకు కొట్టుకుని ముక్కలైంది. తర్వాతి భాగంలో, బుట్ట బండకు తగలకముందే అతను నీళ్లలోకి దూకాడు. ఆ దూకడం కిందటి భాగంలో ఎక్కడుంది? లేదు. పాఠకుడు వారమంతా మోసిన భయాన్ని మీరు చెల్లని నోటు చేసేశారు.

వారానికో భాగం చొప్పున థియేటర్లలో ఆడిన పాత హాలీవుడ్ సీరియళ్లకు ఈ రోగం బాగా ఉండేది. కారు హీరోతో సహా లోయలో పడుతుంది. మరుసటి వారం అదే దృశ్యం మధ్యలో ఒక కొత్త షాటు చేరుతుంది, అందులో హీరో ముందే దూకేస్తాడు. థియేటర్లో కూర్చున్నవాడికి కిందటి వారం రీలు తిప్పి చూసుకునే వీలు లేదు. మీ పాఠకుడికి ఉంది.

ఆ నవల ఆధారంగా హాలీవుడ్ సంస్థ కొలంబియా వారు తీసిన, మనం ఉదాహరణగా పట్టుకున్న ‘మిస్టీరియస్ ఐలాండ్’ (1951) 15 భాగాల సీరియల్. అన్ని వారాలూ ప్రమాదం కావాలి. జూల్ వెర్న్ నవలలోనేమో దీవిలో చిక్కుకున్న మనుషులు ఓపిగ్గా ఇటుకలు కాలుస్తారు, ఇనుము కరిగిస్తారు. అందుకే బుధగ్రహం నుంచి రూలూ అనే ఆమెను దించారు, పేలుడు పదార్థానికి రేడియోధార్మిక లోహం కోసం. ఈ కల్పన మీద నాకు కోపం లేదు. కథలోకి ఎవరినైనా తెచ్చుకోండి, జరిగిపోయినదాన్ని మాత్రం మార్చకండి.

దాచడం వేరు, అబద్ధమాడటం వేరు. నవల కూడా 1874–75లో పత్రికలో ధారావాహికగానే వచ్చింది. అందులో సైరస్‌ను అల ఎత్తుకుపోతుంది. తర్వాత తీరానికి దూరంగా, స్పృహ లేకుండా దొరుకుతాడు. అక్కడికి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. జవాబు పుస్తకం చివరిదాకా రాదు. వచ్చినప్పుడు మొదటి పేజీల్లో ఒక్క మాట కూడా కొట్టేయనక్కర్లేదు: కాపాడింది ఆ దీవిలోనే దాగి ఉన్న కెప్టెన్ నెమో, అంటే మన బుందేల్‌ఖండ్ రాకుమారుడు డక్కర్.

ఇంకొకటి చూడండి. నవలలో సైరస్ తోటివాడైన కుర్రాడు హెర్బర్ట్ జ్వరంతో చావుబతుకుల్లో ఉన్నాడు, క్వినైన్ లేదు. రాత్రి టాప్ అనే కుక్క వింతగా మొరుగుతుంది. తెల్లవారి బల్లమీద క్వినైన్ పెట్టె! ఆ మొరుగు ముందే పడింది కాబట్టి ఆ పెట్టెను నమ్ముతాం.

నాకైతే ప్రమాదం కన్నా ప్రశ్న దగ్గర ఆపడమే ఇష్టం. నవల మొదటి సంపుటం చివర వాళ్లలోని నావికుడు పెన్‌క్రాఫ్ మాంసం కొరికితే పంటికింద సీసపు గుండు తగులుతుంది. దీవిలో వీళ్ల దగ్గర తుపాకీ లేదు! ఎవరూ చావడం లేదు, అయినా పుస్తకం మూయలేం. నేను ముందు తర్వాతి భాగం మొదటి వాక్యం రాసుకుంటాను, ఆ తర్వాతే ఈ భాగం చివరి వాక్యం. అలా చేస్తే బుకాయించే అవసరమే రాదు.

అభ్యాసం: నీళ్లు నిండుతున్న గుహలో ఇద్దరున్నారు, దారి మూసుకుపోయింది. అక్కడ ఆపండి. తర్వాతి భాగం ఆరంభం మూడు రకాలుగా రాయండి. బయటినుంచి కొత్త మనిషి రాకూడదు, కల అనకూడదు, కొత్త వస్తువు దొరకకూడదు. ఒక్కో ఆరంభాన్నీ పాత ముగింపుకి అతికించి ఏకబిగిన చదవండి. ఎక్కడైనా పాత వాక్యం మార్చాలనిపిస్తే ఆ ఆరంభం పారేసి ఇంకోటి రాయండి, మూడూ నిలబడేదాకా.