పిండానికి గ్రేడ్ వేసే ముందు టైమ్ చూడండి

సికింద్రాబాద్‌లో మా ఐవీఎఫ్ ల్యాబ్‌లో కొత్తగా చేరే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే: మైక్రోస్కోప్‌లోకి తొంగిచూసే ముందు, ఇక్సీ (అండంలోకి ఒక వీర్యకణాన్ని సూదితో ఎక్కించడం) చేసి ఎన్ని గంటలైందో రాయండి. నాలుగు కణాల పిండం రెండో రోజు కనిపిస్తే బాగున్నట్టు, మూడో రోజూ నాలుగే ఉంటే వెనకబడినట్టు.

మొదటి చూపు 16 నుంచి 18 గంటల మధ్య. అండంలో రెండు ప్రొన్యూక్లియస్‌లు, అంటే తల్లిదొకటి తండ్రిదొకటి కేంద్రకాలు, కనిపించాలి. మూడు కనిపిస్తే అది అసహజం, ఆ అండాన్ని అప్పుడే వేరుచేయండి. మర్నాటికి అవి మాయమైపోతాయి, అదీ మిగతావాటిలాగే చక్కగా విభజన చెందుతుంది, ఇక పోల్చుకోలేరు.

44 గంటలకు 4 కణాలు, 68 గంటలకు 8 కణాలు రావాలి. లెక్కపెట్టేటప్పుడు ఫోకస్ పై నుంచి కిందిదాకా తిప్పండి, లేకపోతే కణాల నుంచి రాలిన పెద్ద ముక్కను కూడా కణమనుకుంటారు. ముక్కలు పదిశాతం లోపైతే భయం లేదు, 25 శాతం దాటితే గ్రేడ్ తగ్గించాలి. 4, 8 కణాల దగ్గర అన్నీ ఒకే సైజులో ఉన్నాయా చూడండి. 5, 6, 7 దగ్గర చిన్నాపెద్దా ఉండటం సహజమే, కొన్ని ముందు విడిపోయాయి కాబట్టి. దానికి మార్కులు కోయొద్దు. ఒకే కణంలో రెండు మూడు న్యూక్లియస్‌లుంటే తప్పక నోట్ చేయండి, రెండో రోజే అవి బాగా కనిపిస్తాయి.

ఇదంతా త్వరగా ముగించాలి. మే నెలలో ఏసీ గట్టిగా పెడతాం, ఆ గాలి డిష్ మీద పడితే పిండానికి కావాల్సిన 37 డిగ్రీలు నిలవవు.

ఐదో రోజు, 116 గంటల దగ్గర, బ్లాస్టోసిస్ట్, అంటే లోపల నీరు నిండి ఉబ్బిన పిండం. '4ఏబీ' అనే గ్రేడ్‌లో అంకె పిండం ఎంత విచ్చుకుందో చెబుతుంది, మొదటి అక్షరం బిడ్డగా మారే లోపలి కణాల ముద్దది, రెండోది మాయ (ప్లాసెంటా)గా మారే బయటి పొరది. అక్షరాల్లో 'ఏ' మేలైనది, 'సి' తక్కువది. ముడుచుకుపోయినట్టు కనిపిస్తే వెంటనే తక్కువ అంకె వేయకండి. బ్లాస్టోసిస్ట్ మధ్యమధ్య ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటుంది. కాసేపాగి చూడండి.

బయట సిద్దిపేట నుంచో పాలమూరు నుంచో వచ్చిన దంపతులు టెన్షన్‌తో కూర్చుని ఉంటారు. "మాది నంబర్ వన్ పిండమేనా మేడమ్?" అని అడుగుతారు. ఏ పిండాన్ని ముందు గర్భసంచిలో పెట్టాలో తేల్చడానికే ఈ గ్రేడ్ అని నిదానంగా చెప్పండి. 'ఏఏ' వచ్చినా క్రోమోజోములు సరిగ్గా ఉన్నాయని హామీ లేదు. 'సి' వచ్చిన పిండాల నుంచి కూడా ఆరోగ్యంగా పిల్లలు పుడుతున్నారు. ఆ మాట చెప్పకుండా రిపోర్ట్ చేతిలో పెట్టి పంపొద్దు.

సందేహముంటే ల్యాబ్‌లో ఇద్దరు విడివిడిగా గ్రేడ్ రాసి, ఆ తర్వాతే పోల్చుకోండి.