టెస్టులు అన్నీ నడుస్తున్నా తప్పు ఆలస్యంగా దొరుకుతోందా: సమస్య - పరిష్కారం

సమస్య: తప్పును పట్టుకునే టెస్టు ఎప్పుడూ చివర్లోనే నడుస్తోంది.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో రిగ్రెషన్ టెస్టులన్నీ (కోడు మార్చాక పాత పనితీరు చెడలేదని చూసే టెస్టులు) పూర్తికావడానికి దాదాపు 50 నిమిషాలు పట్టేది. రీఫండు మొత్తాన్ని రౌండ్ చేసే కోడును మార్చిన రోజున, అందులో దొర్లిన పొరపాటును పట్టుకోగల ఒకే ఒక్క టెస్టు 47వ నిమిషంలో విఫలమైంది. కారణం ఆ ఫైలు పేరులోనే ఉంది. దాని పేరు ‘వాలెట్’ కావడంతో ఇంగ్లీషు అక్షరక్రమంలో అది చిట్టచివరకు చేరింది. పైథాన్ కోడుకు టెస్టులు నడిపే సాధనమైన పైటెస్ట్, ఫైళ్లను పేర్ల క్రమంలో తీసుకుని, ఒక్కో ఫైలులోని టెస్టులను రాసిన వరుసలోనే నడుపుతుంది. ఆ వరుసకూ ఈ రోజు మనం మార్చిన కోడుకూ ఎటువంటి సంబంధమూ ఉండదు.

పరిష్కారం: మార్చిన కోడును తాకే టెస్టులను ముందుకు తెచ్చి, ఇటీవల విఫలమైన వాటిని వాటి వెనుక పెట్టి, మిగిలినవన్నీ ఆ తరువాత నడపాలి. ఏ టెస్టునూ తీసివేయడం లేదు కాబట్టి ఇందులో ప్రమాదం తక్కువ. విఫలమైన వాటిని ముందుగా నడిపే ఎంపిక పైటెస్ట్‌లోనూ, జావా ప్రాజెక్టుల్లో టెస్టులు నడిపే మావెన్ ష్యూర్‌ఫైర్‌లోనూ ‘ఫెయిల్డ్ ఫస్ట్’ పేరుతో ఇప్పటికే ఉంది.

సమస్య: ఆ ఎంపిక పెట్టినా సీఐ సర్వరులో (కోడు మారిన ప్రతిసారీ దాన్ని బిల్డు చేసి టెస్టులు నడిపే సర్వరులో) వరుస మారడం లేదు.

పైటెస్ట్ గత ఫలితాలను తన క్యాష్ ఫోల్డరులో దాచుకుంటుంది. ప్రతి బిల్డుకూ కొత్త కంటెయినర్ (ఖాళీగా మొదలయ్యే విడి వాతావరణం) తెరిచే చోట ఆ ఫోల్డరు చెరిగిపోతుంది కనుక, దానిని ఒక బిల్డు నుంచి మరొక బిల్డుకు అందేలా భద్రపరచాలి.

సమస్య: కవరేజీ (ఒక టెస్టు కోడులో ఎంత భాగాన్ని నడుపుతుందో ఆ లెక్క) ప్రకారం పేర్చినా ఫలితం అంతంత మాత్రంగానే ఉంది.

చాలామంది చిక్కుకునేది ఇక్కడే. ఒక టెస్టు కోడులోని 1 నుంచి 6 వరకు శాఖలను (షరతును బట్టి కోడు చీలే దారులను), రెండోది 1 నుంచి 5 వరకు, మూడోది 7, 8 శాఖలను మాత్రమే తాకుతాయనుకుందాం. మొత్తం కవరేజీని బట్టి పేర్చితే రెండోది రెండో స్థానంలోనే నిలుస్తుంది గానీ, మొదటిది చూడని శాఖ ఒక్కటైనా అది చూడదు. టెస్టులు చాలా ఉన్న చోట ఈ పద్ధతి లాగిన్ కోడును మళ్లీ మళ్లీ తాకే టెస్టుల బారుగా మారుతుంది.

పరిష్కారం: ఇంతవరకు ఏ టెస్టూ తాకని శాఖలను ఎక్కువగా తాకే టెస్టును ప్రతి దశలోనూ ఎంచుకోవాలి. అప్పుడు మూడోది రెండో స్థానానికి వస్తుంది. అన్ని శాఖలూ పూర్తయ్యాక లెక్కను మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టి, మిగిలిన వాటిని అలాగే పేర్చాలి.

మెరుగుదలను కొలవకుండా నమ్మవద్దు. రాథర్మెల్, ఆయన సహచరులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో వాడిన ఏపీఎఫ్‌డీ అనే కొలమానం ఇందుకు సరిపోతుంది; తప్పులు ఎంత త్వరగా దొరికితే దీని విలువ అంత ఎక్కువ. ఒక్కో తప్పు మొదటిసారి బయటపడిన స్థానాలను కూడి, ఆ మొత్తాన్ని టెస్టుల సంఖ్య, తప్పుల సంఖ్యల లబ్ధంతో భాగించి, దానిని 1 నుంచి తీసివేసి, టెస్టుల సంఖ్యకు రెట్టింపుతో 1ని భాగించగా వచ్చినది కలపాలి. 10 టెస్టుల్లో 4 తప్పులు 8, 9, 9, 10 స్థానాల్లో దొరికితే విలువ 0.15 వస్తుంది. అవే 1, 2, 2, 4 స్థానాల్లో దొరికితే 0.825 అవుతుంది. అయితే ఈ కొలమానం ప్రతి టెస్టుకూ ఒకే సమయం పడుతుందని భావిస్తుంది. ఎనిమిది నిమిషాల బ్రౌజరు టెస్టు మొదట్లో కూర్చుంటే వెనుకనున్న చిన్న టెస్టులన్నీ ఆగిపోతాయి కాబట్టి, పట్టే సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సమస్య: వరుస మార్చగానే నిన్నటి వరకు నెగ్గిన టెస్టులు విఫలమవుతున్నాయి.

అవి ముందరి టెస్టు డేటాబేసులో వదిలిన డేటా మీద ఆధారపడి ఉన్నాయని అర్థం. ప్రతి టెస్టూ తనకు కావలసిన డేటాను తానే సిద్ధం చేసుకుని, చివర్లో తానే శుభ్రం చేసేలా తిరిగి రాయాలి. రాత్రి బిల్డులో యాదృచ్ఛిక వరుసతో నడిపితే ఇటువంటివి ఒక్కొక్కటిగా బయటపడతాయి, అవి తీరేవరకు ప్రాధాన్య క్రమాన్ని ప్రాజెక్టు ప్రధాన కోడు (మెయిన్ బ్రాంచ్) మీద అమలు చేయకపోవడమే మంచిది.