ఇల్లు మునిగితే సర్కారు సాయానికి అర్జీ ఎలా పెట్టుకోవాలి? తిరుపతి, చిత్తూరు జిల్లాల వాళ్లకు

వరద తగ్గిన మరుసటి రోజు అందరూ అడిగేది ఒకటే: “ఫారం ఎక్కడిస్తారు?” ఈ పని ఫారంతో మొదలు కాదు. గ్రామ, వార్డు సచివాలయం సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి రాసుకునే నష్టం జాబితాతో మొదలవుతుంది. అందులో పేరు పడితే సగం పని అయినట్టే. పడకపోతే ఆనక ఎన్ని అర్జీలు పెట్టినా ఆ జాబితా చుట్టూనే తిరగాలి.

2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. అవి పోయిన పూటే మా అమ్మ ఫినాయిల్ వేసి గచ్చు కడిగేసింది. తడిసిన బియ్యం మూట, పరుపులు చెత్తబండికి ఎక్కించేసింది. నాలుగో రోజు రాసుకోను వచ్చినాయన గడపలో నిలబడి, “ఇంత శుభ్రంగా ఉందే, నీళ్లు లోపలికొచ్చినాయా అమ్మా?” అన్నాడు. బీరువా జరిపి, దాని వెనక గోడకు మిగిలిన బురద గీత చూపిస్తేగానీ పెన్ను తీయలేదు. అందుకే చెప్తున్నా, చీపురు కంటే ముందు ఫోను పట్టుకోండి. బురద గీత పక్కన ఒక బిందె పెట్టి ఫోటో తీయండి, ఎత్తు తెలుస్తుంది. తడిసిన సామాన్లు, కూలిన గోడ, వీధి తలుపు మీద ఇంటి నంబరు కూడా తీసి పెట్టుకోండి. ఊరొదిలి బంధువులింటికి పోయేవాళ్లు సచివాలయంలో ఫోన్ నంబరు ఇచ్చి పోవాలి. తాళం వేసిన ఇంటి ముందు ఎవరూ కాచుకుని కూర్చోరు.

ఇంకో తిరకాసు: మీకు వచ్చింది ఒకటే కష్టం, చూసే శాఖలు మాత్రం నాలుగు. ఇల్లు, బట్టలు, సామాన్లు రెవెన్యూ వాళ్లవి. ఆవు పోతే పశువైద్యుడు చూడాలి, కాబట్టి ఆయన రాకముందే పూడ్చేయొద్దు. పంట లెక్క రైతు సేవా కేంద్రంలో, గాయం లెక్క ఆసుపత్రిలో. వీటన్నిటినీ ఒక తాటిమీదికి తెచ్చేది జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం దానికి కలెక్టరే అధ్యక్షుడు, ఎస్పీ, జిల్లా వైద్యాధికారి సభ్యులు. ఒక శాఖ వాళ్లు “మాది కాదు, పక్క ఆఫీసుకు పో” అంటే వాదన పెట్టుకోకుండా నేరుగా కలెక్టరు పేరు మీదే అర్జీ రాయండి.

గాయాల విషయంలోనే జనం ఎక్కువ నష్టపోతున్నారు. 2022–26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు నిధి లెక్కల్లో తీవ్ర గాయంతో వారం మించి ఆసుపత్రిలో ఉంటే 16,000 రూపాయలు, వారంలోపైతే 5,400. అంటే చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ ఉన్న కాగితమే డబ్బు. తిరుపతి రుయా ఆసుపత్రికి పోయినా చిత్తూరు ప్రభుత్వాసుపత్రికి పోయినా, ఓపీ చీటీలో “వరదకు గోడ కూలి” అని కారణం రాయించుకోండి. ఉత్త “కాలు విరిగింది” అని ఉంటే అది బండి మీద నుంచి పడిన కాలో, వరదకు విరిగిన కాలో ఎవరికి తెలుసు?

మనిషి పోతే అదే లెక్కన కుటుంబానికి 4 లక్షలు. ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. దుఃఖంలో పోస్టుమార్టం వద్దనుకునే కుటుంబాలు చాలా ఉంటాయి. ఆ కాగితం లేకపోతే తర్వాత మహా కష్టం, పక్కనున్నవాళ్లే సర్దిచెప్పాలి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించండి.

మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000, కొంత దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, పాడి పశువుకు 37,500, మేకకు 4,000. ఇవన్నీ కేంద్రం లెక్కలు. రాష్ట్రం ఒక్కోసారి పైన కలిపి ఇస్తుంది.

అర్జీకి జతచేయాల్సినవి ఆధార్, రేషన్ కార్డు, ఆధార్‌తో లింకైన బ్యాంకు పాస్‌బుక్కు నకలు, ఫోటోలు. జాబితాను సచివాలయంలో అంటించినప్పుడు పేరు, ఖాతా నంబరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పేరు లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. 1100కు ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు. ఎందుకు తీసేశారో చెప్పకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇక వానల ముందే చేయాల్సిన దరఖాస్తు ఒకటుంది, దానికి కాగితం కూడా అక్కర్లేదు. ఇంట్లో నెలలు నిండిన గర్భిణి ఉన్నా, డయాలసిస్‌కు పోయేవాళ్లున్నా, మంచం దిగలేని పెద్దవాళ్లున్నా ఏఎన్‌ఎమ్‌కో ఆశా అక్కకో ఇప్పుడే చెప్పి వాళ్ల పుస్తకంలో రాయించండి. అదే 2021లో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట కారుతోందని ఊళ్లు ఖాళీ చేయించారు. అట్లాంటి రాత్రి ముందు ఎవరిని మోసుకుపోవాలో ఆ పుస్తకం చూస్తేనే తెలిసేది. నీళ్లు చుట్టుముట్టాక 1077 జిల్లా కంట్రోల్ రూముకు, 108 అంబులెన్సుకు.

దొడ్లో లేని గేదెను జాబితాకు ఎక్కించేవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ఉంటారు. విపత్తు నిర్వహణ చట్టం 52వ సెక్షన్ కింద అబద్ధం చెప్పి సాయం అడిగితే రెండేళ్ల దాకా జైలు, పైన జరిమానా.