ఇంట్లో పాటలు వినడానికి హెడ్‌ఫోన్స్ కొంటుంటే

చెన్నై రిచీ స్ట్రీట్‌కి హెడ్‌ఫోన్స్ కొనడానికి వెళ్తే, షాపువాళ్లు పెట్టే దడదడలాడే పాట విని డబ్బులు ఇచ్చేయకండి. మీకు కంఠతా వచ్చిన కచేరీ ఒకటి ఫోన్‌లో పెట్టుకెళ్లి, అదే వినండి. మృదంగం ఎడమవైపు దెబ్బలోని గాంభీర్యం, గాత్రం వెనక తంబురా శ్రుతి, రెండూ విడివిడిగా తెలియాలి.

ఇంట్లో తీరిగ్గా వినేవాళ్లకి వెనక జాలీ ఉండే ఓపెన్‌బ్యాక్ రకానికే నా ఓటు. సంగీతం విశాలంగా వినిపిస్తుంది, చెవులకి గాలాడుతుంది. మన చెన్నై ఉక్కపోతలో అది చిన్న విషయం కాదు! శబ్దం మాత్రం బయటికి పోతుంది; పక్కన ఎవరైనా పడుకుంటే వెనక మూసి ఉండే క్లోజ్డ్‌బ్యాకే మేలు.

వైరున్నవైతే పెట్టె మీద ఇంపీడెన్స్, అంటే కరెంటుకి హెడ్‌ఫోన్స్ ఎంత అడ్డుపడతాయో చెప్పే ఓమ్‌ల అంకె, చూడండి. 32 ఓమ్‌లకి మామూలుగా ఫోన్ చాలు; 250, 300 ఓమ్‌ల వాటికి చాలావరకు విడిగా యాంప్లిఫయర్ కావాలి. ఆ ఖర్చూ కలిపి లెక్క వేసుకోండి.