క్లాసులో చేపగుడ్లు పొదిగిస్తున్నారా? డ్రాపర్ దగ్గర పెట్టుకోండి

క్లాసు అక్వేరియంలో గుడ్ల నుంచి చేపపిల్లల్ని పెంచేటప్పుడు అన్నిటికంటే పనికొచ్చేది ఒక డ్రాపర్. బతికున్న గుడ్డు తేటగా, లోపలిది కనిపించేలా ఉంటుంది. చచ్చినది తెల్లగా మారుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే దూదిలాంటి బూజు పట్టి, పక్కనున్న మంచి గుడ్లకీ పాకుతుంది. అందుకే తెల్లబడ్డవాటిని డ్రాపర్‌తో పీల్చి రోజుకి రెండుసార్లు తీసేయాలి. ఈ పని పిల్లలకే వంతులవారీగా ఇవ్వండి, తీసినవాటి లెక్క కూడా వాళ్లే రాస్తారు.

మొదటిసారైతే జీబ్రా చేప మంచిది. నీళ్లు 28 డిగ్రీలుంటే రెండు మూడు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. రెండో రోజున మైక్రోస్కోపు కింద పెడితే గుడ్డులోనే గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. అది చూశాక ఏ పిల్లవాడికీ పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు!

చేపపిల్లలు బయటికి రాగానే మేత వేయాలన్న తొందర అందరికీ ఉంటుంది. వేయకండి. పొట్ట దగ్గరున్న సొనసంచే వాటి ఆహారం. అది దాదాపు కరిగి, అవి స్వయంగా ఈదడం మొదలుపెట్టాకే, అంటే గుడ్డు పెట్టిన సుమారు ఐదో రోజు నుంచి, కంటికి ఆనని సూక్ష్మజీవుల మేత చిటికెడంత ఇవ్వాలి. ఎక్కువైతే కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. ఫిల్టర్ స్పాంజ్‌దే వాడండి, మామూలుది చేపపిల్లల్ని లోపలికి లాగేస్తుంది. కుళాయి నీళ్లయితే క్లోరిన్ తీసేశాకే పోయండి.

పెరిగాక మాత్రం వాటిని చెరువులోనో వాగులోనో వదలొద్దు. ఎవరికివ్వాలో గుడ్లు తెచ్చే ముందే మాట్లాడుకోండి.