చెప్పుల మీద చిన్న మడుగు

కూకట్‌పల్లిలో మూడో అంతస్తు మాది. మూడు నెలల లాబ్రడార్ కుక్కపిల్ల, పేరు బుజ్జిగాడు. నేను ఆఫీసు నుంచి రాగానే తోకతో పాటు ఒళ్లంతా ఊపుకుంటూ వచ్చి సరిగ్గా నా చెప్పుల మీదే ఉచ్చ పోసేవాడు. అమ్మ గదమాయిస్తే ఇంకాస్త పోసేవాడు!

మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదని డాక్టరు పరీక్ష చేసి తేల్చారు. ఈ వయసులో ఆపుకునే పట్టు ఇంకా రాదట, ఉత్సాహం ముంచుకొస్తే జారిపోతుందట. తిడితే భయం కూడా తోడవుతుంది. అంటే తప్పు మాదే.

ఇక తలుపు తీశాక వాడి వంక చూడటం మానేశాను. బ్యాగు పెట్టి, మంచినీళ్లు తాగి, ఓ ఐదు నిమిషాలు గోడ వంకే చూస్తూ ఉండేదాన్ని. నాలుగు కాళ్లూ నేల మీద ఆనాక పక్కకి తిరిగి కూర్చుని, తల మీద కాకుండా ఛాతీ దగ్గర నిమిరేదాన్ని. వెంటనే కిందికి తీసుకెళ్లి, పని కానిచ్చాక చిన్న పనీర్ ముక్క. నేల మీద వాసన పోవడానికి ఎంజైమ్ క్లీనర్ వాడాను.

అసలు కష్టం నాన్నతోనే. "ఏరా బంగారం!" అని గుమ్మంలోంచే అరిచేవారు. ఆయనకు ట్రైనింగ్ ఇవ్వడానికే ఎక్కువ రోజులు పట్టింది.

నెలన్నరకి చెప్పులు పొడిగా ఉన్నాయి. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం ఇప్పటికీ పాత గుడ్డ చేతిలోనే ఉంటుంది.