మసాజ్ థెరపీ నేర్చుకోవాలా వద్దా? ఫీజు కట్టకముందే తేల్చుకోవడం ఎలా?

"అక్కా, మూడు నెలల కోర్సట, అయిపోగానే ఉద్యోగం కూడా వాళ్ళే చూపిస్తారట. చేరమంటావా?" అని అడిగేవాళ్ళు నాకు తరచూ తగులుతుంటారు. హైదరాబాద్‌లో మాదాపూర్, జూబ్లీహిల్స్ వైపు స్పాలలో తొమ్మిదేళ్ళు పనిచేశాను కాబట్టి నన్ను అడుగుతారు. నేను చెప్పేది ఒక్కటే. ఫీజు సంగతి తర్వాత, ముందు ఒక నెల పాటు మీ చేతులతో మీరే నలుగురి ఒళ్ళు పట్టి చూడండి. ఈ పని మీకు సరిపడుతుందో లేదో మీ బొటనవేళ్ళు, మీ నడుము, మీ ఇంట్లోవాళ్ళు చెబుతారు. కోర్సు అమ్మేవాళ్ళు చెప్పరు.

ముందు ఏ పని కావాలో తేల్చుకోండి

మసాజ్ అన్న ఒక్క మాట కింద హైదరాబాద్‌లో వేర్వేరు ఉద్యోగాలు ఉన్నాయి. హోటళ్ళలో, విడి స్పాలలో స్వీడిష్ (మెత్తగా నిమురుతూ చేసేది), డీప్ టిష్యూ (లోపలి కండరాల దాకా గట్టిగా ఒత్తేది), ఫుట్ మసాజ్ చేసే థెరపిస్ట్ పని ఒకటి. ఆయుర్వేద కేంద్రాల్లో అభ్యంగం (ఒళ్ళంతా నూనె మర్దన), శిరోధార (నుదుటి మీద నూనె ధార), స్వేదనం (ఆవిరితో చెమట పట్టించడం) చేసే పంచకర్మ టెక్నీషియన్ పని ఇంకొకటి. అక్కడ డాక్టరు రాసినట్టే చేయాలి, సొంత తెలివి పనికిరాదు. వమనం (వాంతి చేయించడం), విరేచనం (విరేచనాలు చేయించడం) లాంటి అసలు చికిత్సలకు ముందు ఒంటిని సిద్ధం చేయడానికే ఆ నూనె మర్దన. ప్రకృతి చికిత్సాలయాల్లో పని మరో రకం. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి, అమీర్‌పేట దగ్గర ప్రకృతి చికిత్సాలయం ఉన్నాయి. ఒక పూట వెళ్ళి అక్కడి వాతావరణం చూసి రండి. స్పాకూ వాటికీ ఉన్న తేడా గుమ్మంలోనే తెలిసిపోతుంది.

ఫిజియోథెరపీ మాత్రం పూర్తిగా వేరు. అది నాలుగేళ్ళకు పైగా చదివే డిగ్రీ. మూడు నెలల మసాజ్ కోర్సు చేసి ఫిజియోథెరపిస్ట్ అనిపించుకోవచ్చని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఒక నెల ఇంట్లోనే చేసి చూడండి

వారానికి నాలుగు రోజులు, రోజుకు ఇద్దరు, ఒక్కొక్కరికి ముప్పావుగంట. అత్తయ్య, బాబాయి, పక్కింటి పిన్ని, ఎవరు ఒప్పుకుంటే వాళ్ళు. గోరువెచ్చని నువ్వుల నూనె చాలు. మంచం మీద చేయకండి, వంగి వంగి మూడో రోజుకే నడుము పట్టేస్తుంది. గట్టి బల్ల మీద బొంత పరవండి. నిటారుగా నిలబడి పిడికిలి బిగించి చేతులు కిందికి వదిలితే, వేళ్ళ కణుపులు తాకేంత ఎత్తులో బల్ల ఉండాలి. అప్పుడు చేతుల బలంతో కాకుండా ఒంటి బరువుతో ఒత్తగలుగుతారు.

వీపు, భుజాలు, కాళ్ళు, పాదాలు, అరచేతులు. ఇంతవరకే. మెడ తిప్పడం, వెన్ను విరిచి చప్పుడు రప్పించడం జోలికి పోవద్దు. జ్వరం ఉన్నవాళ్ళకు, చర్మం మీద పుండ్లు, దద్దుర్లు ఉన్నవాళ్ళకు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళకు, ఎముక విరిగినవాళ్ళకు, గర్భిణులకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు చేయకండి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అస్సలు ముట్టుకోకండి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఒత్తితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి రావచ్చు. అలాంటివాళ్ళను వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ప్రతిరోజూ పొద్దున లేవగానే బొటనవేలి మొదట్లో, మణికట్టులో, నడుములో నొప్పి ఉందా, ఉంటే ఎంత ఉందో రాయండి. మొదటి వారం నొప్పులు అందరికీ ఉంటాయి. మూడో వారానికి తగ్గుతూ రావాలి. పెరుగుతుంటే మీరు బొటనవేళ్ళతో పొడుస్తున్నారని అర్థం. ముంజేయి, మణికట్టు పక్కనుండే అరచేతి గట్టి భాగం, మోచేయి వాడి చూడండి. అయినా తగ్గకపోతే ఆ మాట గట్టిగా పట్టించుకోండి. స్పాలో రద్దీ రోజుల్లో నాలుగైదు గంటలు ఒత్తాల్సి ఉంటుంది. నాతోపాటు మొదలుపెట్టిన ఇద్దరు చాలా మంచి పనిమంతులు బొటనవేలి కీలు నొప్పితోనే మానేశారు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నొప్పి ఒక్కటే కాదు. చెమట వాసన, పగిలిన మడమలు, ముడతలు పడ్డ చర్మం ముట్టుకుంటే మీకు ఎలా ఉంటోంది? ముప్పావుగంట మాట్లాడకుండా ఒక మనిషి ఊపిరిని గమనిస్తూ ఉండగలరా? పనయ్యాక పిన్ని "భుజం తేలికైందే తల్లీ" అంటే ఆ రోజు అలసట మరిచిపోయారా? మరిచిపోతే అది కూడా పుస్తకంలో రాయండి.

మీరూ ఒకసారి చేయించుకోండి

ఒక మంచి స్పాలో గంట మసాజ్ చేయించుకోండి. డబ్బు ఎక్కువనిపిస్తుంది, కానీ కోర్సు ఫీజుతో పోలిస్తే తక్కువే. దుప్పటి ఎలా కప్పారు, ఎంత భాగం తెరిచారు, ముందుగా ఆరోగ్యం గురించి ఏం అడిగారు అని గమనించండి.

ఇంట్లో మాట్లాడండి

దీన్ని వాయిదా వేయొద్దు. స్పాలపై పోలీసుల దాడులు అని పేపర్లో వార్త వచ్చిన రోజు మీ అమ్మగారికి ఎలా ఉంటుందో ఊహించండి. మన ఇళ్ళల్లో బాలింతకు నలుగు పెట్టి, చంటిపిల్లకు నూనె పట్టే మనిషిని అందరూ గౌరవిస్తారు. అదే పని జీతానికి చేస్తే మాత్రం చూపు మారిపోతుంది. ఇది అన్యాయమే, అయినా ఎదుర్కోవాల్సిందే. దాచిపెట్టి చేరినవాళ్ళు ఎవరో బంధువు కంటపడిన రోజు నానా టెన్షన్ పడ్డారు. పనిచేయాలనుకునే చోటికి ఇంట్లోవాళ్ళను ముందే ఒకసారి తీసుకెళ్ళి చూపించండి.

ఆ చోటు ఎలాంటిదో ఇలా చూడండి. మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చే ట్రేడ్ లైసెన్స్ కనిపించాలి. ప్రతి కస్టమర్‌కు రసీదు ఇవ్వాలి. కస్టమర్ హద్దు మీరితే థెరపిస్ట్ పని ఆపి బయటికి రావచ్చన్న నియమం రాసి ఉండాలి, అలా వచ్చినందుకు జీతం కోయకూడదు. ఆయుర్వేద కేంద్రాల్లో ఆడవాళ్ళకు ఆడవాళ్ళే, మగవాళ్ళకు మగవాళ్ళే చేయడం వాడుక. స్పాలో ఏ పద్ధతో ఇంటర్వ్యూలోనే అడగండి. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అంతకన్నా తక్కువ మంది ఉంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181 ఫోన్‌లో సేవ్ చేసుకోండి. రాత్రి షిఫ్ట్ అయ్యాక ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిదో కూడా అడగండి. నగరానికి ఆ చివర గచ్చిబౌలిలో పని, ఈ చివర ఉప్పల్‌లో ఇల్లు అయితే ఇది చిన్న విషయం కాదు.

నేర్పే చోటును ప్రశ్నించండి

నేను మొదట చేరిన సంస్థలో నలభై మందికి రెండే బల్లలు. వీడియోలు చూపించేవాళ్ళు. నాలుగు నెలలు, కట్టిన డబ్బు పోయి చేతికి సర్టిఫికెట్ వచ్చింది, పని రాలేదు. మీరు ఆ తప్పు చేయకండి. మొత్తం ఎన్ని గంటలు, అందులో చేతులతో చేసేవి ఎన్ని, ఒక బల్లకు ఎంతమంది, కండరాలు, ఎముకల పాఠం ఎవరు చెబుతారు, ఎవరికి మసాజ్ చేయకూడదో నేర్పుతారా అని అడగండి. సర్టిఫికెట్ సంస్థ సొంతదా, బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ (ఈ రంగం పనులకు పరీక్ష పెట్టే జాతీయ సంస్థ) పరీక్ష తర్వాత ఇచ్చేదా అని అడగండి. కిందటి ఏడాది చదివిన ఇద్దరి ఫోన్ నంబర్లు ఇమ్మనండి. "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్" అన్న మాటకు కాగితం ఉంటేనే విలువ.

డబ్బు లెక్క

టిప్పులను లెక్కలోకి తీసుకోకండి. స్థిర జీతంలో ఖర్చులు పోను నెలకు ఐదు వేలు మిగులుతుందనుకుంటే, అరవై వేల ఫీజు తిరిగి రావడానికి పన్నెండు నెలలు పడుతుంది. అప్పు తెస్తే వడ్డీ కూడా కలపండి. శని, ఆదివారాలు, పండుగ సెలవులు స్పాలకు గిరాకీ రోజులు. మీకు సెలవు దొరికేది మంగళవారమో బుధవారమో.

చివరగా డెమో క్లాసుకు వెళ్ళండి

నోటుపుస్తకం చూసుకుని, ఇంట్లో ఒప్పుకున్నాక వెళ్ళండి. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి, ఉంగరాలు, గాజులు తీసి ఇంట్లో పెట్టండి, జుట్టు ముడి వేసుకోండి. పది నిమిషాలు మిమ్మల్ని ఒకరి వీపు పట్టనివ్వమని, మీరు నిలబడిన తీరులో తప్పు చెప్పమని నేర్పే ఆవిడను అడగండి. ఆవిడ మీ భుజం పట్టుకుని సరిచేస్తే ఫీజు గురించి మాట్లాడండి. బ్రోచర్ చేతిలో పెట్టి రిసెప్షన్‌కు పంపిస్తే బస్సెక్కి ఇంటికి వచ్చేయండి.